మీ పిల్లల ట్యాబ్ బ్యాటరీ ఎంత ముసలిదైంది? ఒక సాయంత్రంలో తేల్చుకోండి



2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. ఆ సెప్టెంబర్ 1న తెలంగాణలో డిజిటల్ తరగతులు ప్రారంభమయ్యాయి. 9వ తరగతి, ఆపై విద్యార్థులు మళ్లీ బడి గుమ్మం తొక్కింది 2021 ఫిబ్రవరి 1న. అది కూడా ఎక్కువ రోజులు సాగలేదు. మార్చి నెలాఖరుకు బడులు మళ్లీ మూతపడ్డాయి, సెప్టెంబర్ 1 దాకా తెరుచుకోలేదు. ఆ ఏడాదిన్నర కాలంలోనే కేపీహెచ్‌బీ కాలనీ, ప్రగతినగర్, నిజాంపేట, బాచుపల్లి అపార్ట్‌మెంట్లలో చాలా ఇళ్లకు పిల్లల కోసమంటూ మొదటి ట్యాబ్ వచ్చింది.

పక్క రాష్ట్రంలోనూ ఇదే కథ. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబర్ 21న 8వ తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు కలిపి 5,18,740 ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టింది. సరిగ్గా ఏడాదికి మరో 4,34,185 ఇచ్చింది. అంటే తెలుగు పిల్లల చేతుల్లోకి ఒక్కసారిగా వచ్చిన ట్యాబ్‌లన్నీ ఇప్పుడు కలిసికట్టుగా ముసలివవుతున్నాయి.

మీ ఇంట్లోనూ సూచనలు కనిపిస్తూ ఉండవచ్చు. "అమ్మా, ఛార్జింగ్ అయిపోయింది" అన్న మాట పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వినిపిస్తుంది. పిల్లవాడు ప్లగ్ పక్కనే నేల మీద కూర్చుని, వైరు లాగి పట్టుకుని హోంవర్క్ చేస్తాడు. అప్పుడు మనకు తోచేవి రెండే దారులు: కొత్తది కొనేయడం, లేదా "ఇంకో ఏడాది నడిపిద్దాం" అని వదిలేయడం. మొదటిదానితో డబ్బు వృథా కావచ్చు. రెండోదానితో, కొన్ని సందర్భాల్లో, ఇంట్లో ప్రమాదమే జరగవచ్చు. రెండింటికీ మధ్య ఒక పని ఉంది. బ్యాటరీ నిజంగా ఏ స్థితిలో ఉందో చూసుకోవడం. దానికి ఒక్క సాయంత్రం చాలు, ఖర్చేమీ లేదు.

తెర మీది 100 శాతం చెప్పని సంగతి

ముందుగా ఒక అపోహ. తెర మీద 100 శాతం కనిపిస్తోంది కాబట్టి బ్యాటరీ బాగానే ఉందని చాలామంది అనుకుంటారు. ఆ 100 శాతం కొత్త బ్యాటరీతో పోల్చి చెప్పేది కాదు. ఈ రోజు ఆ బ్యాటరీ ఎంత పట్టగలదో అందులో 100 శాతం, అంతే.

మన ప్రాంతంలో బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు కాచే ఇళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. గీజర్ లోపల, కాచే గిన్నె అడుగున తెల్లటి పొర పేరుకుంటుంది. ఏడాదికేడాది ఆ పొర మందమవుతుంది. గిన్నె అంచు దాకా నీళ్లు పోసినా, పట్టే నీళ్లు కొత్తలో పట్టినన్ని కావు. "నిండింది" అన్నది నిజమే. ఎంత నిండిందన్నదే ప్రశ్న.

ట్యాబ్‌లో ఉండే లిథియం అయాన్ బ్యాటరీలోనూ దాదాపు ఇలాగే జరుగుతుంది. ఛార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు ఒక పక్క నుంచి గ్రాఫైట్ ఉన్న రెండో పక్కకు వెళ్తాయి. వాడుతున్నప్పుడు తిరిగి వస్తాయి. ప్రతి రాకపోకలో కొద్ది లిథియం గ్రాఫైట్ మీద పేరుకునే సన్నటి పొరలో చిక్కుకుపోతుంది. అలా చిక్కుకున్నది మళ్లీ పనికి రాదు. అందుకే బ్యాటరీ పట్టు తగ్గుతూ పోతుంది.

ఈ పొర పెరగడానికి వాడకం ఒక్కటే కారణం కాదు. వేడి దాన్ని వేగంగా పెంచుతుంది. ఎప్పుడూ 100 శాతం నిండి ఉండటమూ పెంచుతుంది. అందుకే బీరువాలో ఊరికే పడి ఉన్న ట్యాబ్‌కూ వయసు మీద పడుతుంది. 40 డిగ్రీలు తాకే మన ఏప్రిల్, మే నెలలు దానికి మరీ కష్టకాలం. వాడే చోట ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే బ్యాటరీ పట్టు శాశ్వతంగా తగ్గవచ్చని ఐప్యాడ్ తయారీ సంస్థ యాపిల్ స్వయంగా హెచ్చరిస్తుంది.

ఇంకో మాట తెలుసుకోవాలి: సైకిల్. మొత్తం మీద 100 శాతం వాడితే ఒక సైకిల్. ఈ రోజు 60 శాతం, రేపు 40 శాతం వాడితే రెండు రోజులకు ఒక సైకిల్ అయినట్లు. తమ ఐప్యాడ్ బ్యాటరీలు అనుకూల పరిస్థితుల్లో 1,000 సైకిళ్ల తర్వాత కూడా 80 శాతం పట్టు నిలుపుకునేలా తయారు చేశామని యాపిల్ చెబుతుంది. 2025 జూన్ 20 నుంచి యూరప్‌లో అమ్మే ఫోన్లు, ట్యాబ్‌లకు కనీసం 800 సైకిళ్ల దాకా 80 శాతం నిలవాలన్న నిబంధన ఉంది. రోజుకో సైకిల్ చొప్పున లెక్కేస్తే 800 అంటే రెండేళ్ల రెండు నెలలు. ఆన్‌లైన్ క్లాసుల రోజుల్లో రోజుకు ఒకటి, ఒకటిన్నర సైకిళ్లు తిరిగిన ట్యాబ్ ఎప్పుడో ఆ గీత దాటి ఉంటుంది.

ఇక పరీక్షలకు వద్దాం. మూడు ఉన్నాయి. ఇదే వరుసలో చేయండి, ఎందుకంటే మొదటిది భద్రతకు సంబంధించినది.

మొదటి పరీక్ష: కళ్లతో, చేత్తో

కవర్ తీసేయండి. చాలామంది కొన్న రోజు తొడిగిన కవర్‌ను మళ్లీ తీయరు. లోపల ఏం జరుగుతోందో కనబడనివ్వనిది అదే. ట్యాబ్‌ను స్విచాఫ్ చేసి వీటిని చూడండి:

1. చదునైన టేబుల్ మీద వెల్లకిలా పెట్టండి. ఒక మూల మీద వేలు ఆనిస్తే ఊగుతోందా? కెమెరా ఉబ్బు వల్ల కొద్దిగా ఊగవచ్చు. నడుమ ఉబ్బి బొంగరంలా తిరుగుతుంటే మాత్రం అనుమానించాలి.
2. తెర అంచు చుట్టూ చూడండి. ఎక్కడైనా తెర పైకి లేచి సందు కనిపిస్తోందా?
3. ఒక స్కేలును వీపు మీద నిలువుగా, తర్వాత అడ్డంగా ఆనించండి. కింద వెలుతురు కనిపిస్తోందా?
4. తెరలో ఒకచోట కొత్తగా తెల్లటి లేదా పసుపు మచ్చ వచ్చిందా?
5. బాగా సరిపోయిన కవర్ ఈ మధ్య బిగుతుగా అనిపిస్తోందా? బటన్లు గట్టిపడ్డాయా?

వీటిలో ఏ ఒక్కటి ఉన్నా లోపల బ్యాటరీ ఉబ్బుతోందని అనుమానించాలి. బ్యాటరీలోని రసాయన ద్రవం విచ్ఛిన్నమై వాయువులు పుడతాయి. వాటికి బయటికి దారి ఉండదు, అందుకే ఆ పొట్లం ఉబ్బుతుంది. ఇలాంటి బ్యాటరీ నొక్కుకుపోయినా, గుచ్చుకున్నా, మళ్లీ ఛార్జింగ్‌కు పెట్టినా మంట అంటుకునే ప్రమాదం ఉంది.

ఉబ్బినట్లు కనిపిస్తే మిగతా రెండు పరీక్షలు వద్దు. ఇలా చేయండి:

- వెంటనే ఛార్జింగ్ ఆపండి. ట్యాబ్ ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి. మళ్లీ ఆన్ చేయకండి, "ఒక్కసారి ఫొటోలు కాపీ చేసుకుందాం" అని కూడా చేయకండి.
- నొక్కి సరిచేయాలని చూడకండి. లేచిన తెరను గమ్‌తో అతికించకండి.
- పరుపు, సోఫా, కర్టెన్లు, పుస్తకాలకు దూరంగా, నీడలో, గాలి ఆడే చోట టైల్స్ నేల మీద ఉంచండి. పిల్లల చేతికి అందనివ్వకండి.
- సర్వీస్ సెంటర్‌కు ముందే ఫోన్ చేసి "బ్యాటరీ ఉబ్బింది" అని చెప్పండి. పుస్తకాల బ్యాగులో కుక్కి తీసుకెళ్లకండి. ఎండలో ఆపిన కారులో వదలకండి. కొరియర్‌లో పంపకండి.
- చెత్త బండిలో వేయకండి. చెత్తను అదిమే యంత్రంలో అది నలిగితే ఆ బండి దగ్గర పనిచేసే మనిషికే ప్రమాదం.
- పొగ, బుసబుస శబ్దం, ఘాటైన వాసన వస్తే ముందు పిల్లల్ని, పెద్దల్ని గది బయటికి పంపండి. ఆ పొగ విషపూరితం. వీలైతే మెయిన్ ఆపి, 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి.

భయపెట్టడానికి చెబుతున్నది కాదు. ఇళ్లలో ఉన్న ఎక్కువ ట్యాబ్‌లు ముసలివై బలహీనపడతాయే తప్ప ఉబ్బవు. కానీ కూకట్‌పల్లిలో చాలా ఇళ్లలో అమ్మా నాన్నా ఇద్దరూ హైటెక్ సిటీ ఆఫీసుల నుంచి చీకటి పడ్డాకే ఇల్లు చేరతారు. సాయంత్రం ట్యాబ్ ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు ఇంట్లో ఉండేది పిల్లలు, లేదా అమ్మమ్మ తాతయ్యలు. ఈ గుర్తులు మనకంటే ముందు వాళ్లకు తెలిసి ఉండాలి.

రెండో పరీక్ష: సెట్టింగ్స్‌లో

ఉబ్బు లేదని తేలాక ట్యాబ్ ఆన్ చేయండి. బ్యాటరీ ఆరోగ్యం అనే అంకె వాడేవాళ్లకు కనిపించడం వెనక ఒక చరిత్ర ఉంది. బ్యాటరీలు పాతబడిన ఐఫోన్ల వేగాన్ని సాఫ్ట్‌వేర్ ద్వారా తగ్గిస్తున్నట్లు 2017 డిసెంబర్‌లో యాపిల్ ఒప్పుకుంది. ప్రపంచమంతా విమర్శలు వచ్చాయి. అమెరికాలో బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29 డాలర్లకు తగ్గించింది. 2018 మార్చిలో వచ్చిన అప్‌డేట్‌తో ఐఫోన్ సెట్టింగ్స్‌లో బ్యాటరీ ఆరోగ్యం చూపించడం మొదలుపెట్టింది. ఫోన్ నెమ్మదించిందని కొత్తది కొన్న చాలామందికి బ్యాటరీ ఒక్కటి మారిస్తే సరిపోయేదని అప్పుడు తెలిసింది. మన ట్యాబ్‌ల విషయంలోనూ పాఠం ఇదే.

ఐప్యాడ్ అయితే: సెట్టింగ్స్‌లో బ్యాటరీ, అందులో బ్యాటరీ హెల్త్ చూడండి. 2024లో వచ్చిన ఎం4 ఐప్యాడ్ ప్రో, ఎం2 ఐప్యాడ్ ఎయిర్ మొదలుకొని కొత్త మోడళ్లలో మ్యాక్సిమమ్ కెపాసిటీ శాతం, సైకిల్ కౌంట్, తయారైన నెల కనిపిస్తాయి. అంతకు ముందు మోడళ్లలో ఈ పేజీ ఉండదు. వాటికి యాపిల్ సపోర్ట్‌ను గానీ, అధీకృత సర్వీస్ సెంటర్‌ను గానీ అడిగితే పరీక్షించి చెబుతారు.

శామ్‌సంగ్ అయితే: శామ్‌సంగ్ మెంబర్స్ అనే యాప్ తెరిచి, సపోర్ట్ విభాగంలో డయాగ్నోస్టిక్స్‌కు వెళ్లి, బ్యాటరీ స్టేటస్ నొక్కండి. శాతం చెప్పదు గానీ, బాగుందా బలహీనపడిందా అన్నది చెబుతుంది. మెనూ పేర్లు వెర్షన్‌ను బట్టి కొద్దిగా మారవచ్చు.

మిగతా ఆండ్రాయిడ్ ట్యాబ్‌లు: సెట్టింగ్స్ పైన ఉండే వెతుకు పెట్టెలో బ్యాటరీ అని టైప్ చేయండి. హెల్త్, సైకిల్ కౌంట్ లాంటివి ఏమైనా వస్తే మీ అదృష్టం. చాలా పాత ట్యాబ్‌లలో రావు. అప్పుడు అక్యూబ్యాటరీ లాంటి యాప్ సాయం తీసుకోవచ్చు. అది ఛార్జింగ్ ఎక్కుతున్నప్పుడు గమనిస్తూ, బ్యాటరీ ఇప్పుడు ఎంత పడుతోందో అంచనా కడుతుంది. ఒక్కసారి చూసి నమ్మకండి. వారం రోజుల ఛార్జింగ్‌లు గడిచాక వచ్చే సగటే కాస్త నమ్మదగినది. ఉదాహరణకు మీ ట్యాబ్ బ్యాటరీ కొత్తలో 5,100 ఎంఏహెచ్, యాప్ అంచనా ఇప్పుడు 3,900 అనుకోండి. 3,900ను 5,100తో భాగించి 100తో గుణిస్తే సుమారు 76 శాతం. ఈ లెక్క మీ అబ్బాయితోనో అమ్మాయితోనో చేయించండి. శాతాల పాఠానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

ఒక జాగ్రత్త. డయల్ ప్యాడ్‌లో రహస్య కోడ్ కొడితే "బ్యాటరీ హెల్త్: గుడ్" అని వస్తుందంటూ వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లు మీరూ చూసి ఉంటారు. వైఫై మాత్రమే ఉన్న చాలా ట్యాబ్‌లలో డయల్ ప్యాడే ఉండదు. ఉన్నా, అక్కడ "గుడ్" అంటే ప్రస్తుతం బ్యాటరీ అతిగా వేడెక్కలేదు, వోల్టేజీ అదుపులో ఉంది అనే అర్థం. పట్టు ఎంత మిగిలిందో అది చెప్పదు. సగానికి పడిపోయిన బ్యాటరీ కూడా అక్కడ "గుడ్" అనే అంటుంది.

మూడో పరీక్ష: గడియారంతో

ఏ యాప్ లేకపోయినా, ఏ కంపెనీ ట్యాబ్‌కైనా పనికొచ్చే పరీక్ష ఇది. ఆదివారం సాయంత్రం చేయండి.

1. ట్యాబ్‌ను 100 శాతం ఛార్జ్ చేసి, వైరు తీసి, అరగంట ఊరికే ఉంచండి. వేడి తగ్గాలి.
2. ముందే డౌన్‌లోడ్ చేసి ఉంచిన పాఠం వీడియో ఒకటి సిద్ధం చేసుకోండి. ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. ఆటో బ్రైట్‌నెస్ ఆపి, వెలుతురును సగానికి పెట్టండి. శబ్దం కూడా సగానికే.
3. వీడియో వదలండి. ప్రతి అరగంటకు శాతం ఒక కాగితం మీద రాయండి. రెండు గంటలు చాలు.
4. చివర్లో ట్యాబ్ వీపు చేత్తో తాకి చూడండి. గోరువెచ్చన పర్వాలేదు. చేయి ఆనించలేనంత వేడి ఉంటే మంచిది కాదు.

లెక్క ఇలా. రెండు గంటల్లో 25 శాతం తగ్గిందంటే, ఇదే వేగంతో మొత్తం ఎనిమిది గంటలు వస్తుంది. కొన్నప్పుడు డబ్బా మీద 12 గంటల వీడియో అని ఉంటే, ఎనిమిదిని పన్నెండుతో పోల్చండి: మూడింట రెండు వంతులు. కంపెనీ కొలిచిన పద్ధతి, మన పద్ధతి ఒకటి కావు కాబట్టి దీన్ని ఉజ్జాయింపుగానే చూడాలి. అసలు ఉపయోగం మళ్లీ కొలిచినప్పుడు తెలుస్తుంది. ఆరు నెలల తర్వాత అదే వీడియో, అదే వెలుతురుతో కొలిస్తే ఎంత తగ్గిందో కచ్చితంగా తెలుస్తుంది. అందుకే ఆ కాగితం పారేయకండి. స్కూల్ డైరీ చివరి పేజీలో అంటించండి.

మొత్తం గంటలకంటే ముఖ్యంగా చూడాల్సింది శాతం దిగే తీరు. మెట్లు దిగినట్లు క్రమంగా దిగితే బ్యాటరీ ముసలిదైనా నమ్మదగినదే. 35 నుంచి ఒక్కసారిగా 12కు పడిపోయినా, 20 శాతం ఉండగానే ట్యాబ్ ఆరిపోయినా, ఛార్జర్ పెట్టగానే 5 నుంచి 30కి ఎగిరినా, లోపల బ్యాటరీ బాగా బలహీనపడిందన్నమాట. ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో ఆరిపోయేవి ఇలాంటి ట్యాబ్‌లే.

తప్పు బ్యాటరీదేనా?

షాపుకు వెళ్లే ముందు మూడు విషయాలు చూసుకోండి. ఛార్జింగ్ నెమ్మదిగా ఎక్కుతుంటే ముందు వేరే కేబుల్, వేరే అడాప్టర్ పెట్టి చూడండి. చాలాసార్లు దోషం వైరుదే. వైరు వదులుగా ఊగుతుంటే ఛార్జింగ్ రంధ్రంలో దుమ్ము, నూలుపోగులు ఇరుక్కుని ఉండవచ్చు. పిన్నీసుతో గీకకండి, షాపులో శుభ్రం చేయించండి. రాత్రి 80 ఉన్నది పొద్దునకు 40 అయితే, సెట్టింగ్స్‌లో బ్యాటరీ యూసేజ్ చూడండి. పిల్లవాడికి తెలియకుండా వెనకాల నడుస్తున్న గేమ్ ఏదో అక్కడ పట్టుబడుతుంది.

ఫలితాన్ని బట్టి ఏం చేయాలి?

ఈ పరిశ్రమలో సాధారణంగా వాడే గీత 80 శాతం. దాన్ని ఆధారం చేసుకుని ఇంటి లెక్కకు పనికొచ్చే వరుస ఇది:

- 80 శాతం పైన: బ్యాటరీ బాగుంది. ఛార్జింగ్ తరచూ అయిపోతోందంటే వాడకం ఎక్కువైందని అర్థం. మాట్లాడాల్సింది షాపువాళ్లతో కాదు, పిల్లలతో.
- 60 నుంచి 80: హోంవర్క్‌కు, రివిజన్‌కు సరిపోతుంది. కింద చెప్పిన అలవాట్లు పాటించి, ఆరు నెలలకు మళ్లీ కొలవండి.
- 60 కంటే తక్కువ, లేదా హఠాత్తుగా ఆరిపోవడం: బ్యాటరీ మార్పించే ఆలోచన చేయండి. ముందు ట్యాబ్ మిగతా సంగతి చూడండి. తెర బాగుందా? సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకా వస్తున్నాయా? పిల్లల యాప్‌లు దానిలో నడుస్తున్నాయా? మూడింటికీ అవునంటే మార్పించడం లాభం. అప్‌డేట్లు ఆగిపోయి, యాప్‌లు తెరుచుకోవడం లేదంటే కొత్త బ్యాటరీ పెట్టించినా డబ్బు దండగే.
- ఉబ్బు: శాతంతో పనిలేదు. ఆ రోజే పక్కన పెట్టాలి.

బ్యాటరీ మార్పించేటప్పుడు

ముందుగా కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌లో ఎస్టిమేట్ తీసుకోండి. పాత మోడల్‌కు అక్కడ బ్యాటరీ దొరకకపోతే ఆబిడ్స్ జగదీష్ మార్కెట్, సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి సీటీసీ, మన జేఎన్‌టీయూ రోడ్డు షాపులు ఉండనే ఉన్నాయి. ఎక్కడ చేయించినా ఈ నాలుగూ అడగండి:

1. బ్యాటరీ మీద బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ ఉన్నాయా? లిథియం బ్యాటరీలకు మన దేశంలో ఈ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొడితే అది ఏ కంపెనీదో, అసలుదో కాదో తెలుస్తుంది.
2. తయారైన నెల, సంవత్సరం ఏమిటి? షాపు అరలో మూడేళ్లు ఉన్న "కొత్త" బ్యాటరీ కొత్తది కాదు. వాడకపోయినా వయసు మీద పడుతుందని పైన చెప్పుకున్నాం కదా.
3. బిల్లు, వారంటీ ఎన్ని నెలలు? కాగితం మీద రాసివ్వమనండి. వివాదం వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పుకోవడానికి అదే ఆధారం. విడిభాగాలు, రిపేరు వివరాల కోసం కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ కూడా తెరిచింది.
4. పాత బ్యాటరీని ఏం చేస్తారు? 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత ఉత్పత్తిదారులది. అనుమతి ఉన్న రీసైక్లర్ల వివరాలు సనత్‌నగర్‌లోని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర దొరుకుతాయి.

ట్యాబ్ ఇచ్చే ముందు పిల్లల ఫొటోలు, నోట్సు బ్యాకప్ తీసుకుని, ఖాతాల నుంచి బయటికి రండి. వీడియో చూసి ఇంట్లోనే విప్పే ప్రయత్నం వద్దు. ట్యాబ్‌లలో తెర, బ్యాటరీ రెండూ బంకతో అతికించి ఉంటాయి. వాటిని లాగడంలో స్క్రూడ్రైవర్ మొన బ్యాటరీకి గుచ్చుకోవడం ఎంతోసేపు పట్టదు.

పాతది ఇంకొకరికి ఇస్తున్నారా?

కొత్త ట్యాబ్ కొన్నాక పాతదాన్ని ఇంట్లో పనిచేసే ఆమె పిల్లలకో, వాచ్‌మన్ కూతురికో, ఊళ్లో ఉన్న మేనల్లుడికో ఇవ్వడం మన దగ్గర మామూలే. మంచి పని. అయితే ఇచ్చే ముందు ఈ మూడు పరీక్షలూ చేయండి. తీసుకునేవాళ్లకు బ్యాటరీ మార్పించే స్తోమత ఉండకపోవచ్చు. ఉబ్బు గుర్తులు తెలియకపోవచ్చు. ఆ ఇల్లు ఒకే గది కావచ్చు, రాత్రి ట్యాబ్ ఛార్జింగ్ పెట్టేది పిల్లలు పడుకునే చాప పక్కనే కావచ్చు. మన ఇంట్లో ఉంచుకోవడానికి భయపడే వస్తువును ఇంకొకరి ఇంటికి పంపకూడదు. బలహీనమైనదైతే బ్యాటరీ మార్పించి ఇవ్వండి. ఇస్తున్నప్పుడు మీ గూగుల్ లేదా యాపిల్ ఖాతా తొలగించి రీసెట్ చేయండి. లేకపోతే తీసుకున్నవాళ్లకు అది లాక్ పడిపోతుంది.

వయసును నెమ్మదింపజేసే అలవాట్లు

- ఛార్జింగ్ ఎప్పుడూ టేబుల్ మీదే. పరుపు, దిండు, దుప్పటి మీద వద్దు. మెత్తటివి వేడిని బయటికి పోనివ్వవు.
- ఛార్జింగ్‌లో ఉండగా గేమ్స్, వీడియో కాల్స్ వద్దు. రెండు వేడులూ కలిసి బ్యాటరీ మీదే పడతాయి.
- రోజూ 20 నుంచి 80 మధ్య ఉంచితే మేలు. శామ్‌సంగ్‌లో బ్యాటరీ ప్రొటెక్షన్, కొత్త ఐప్యాడ్లలో 80 శాతం లిమిట్ ఆన్ చేస్తే ఆ పని ట్యాబే చూసుకుంటుంది. ప్రయాణం రోజున మాత్రం 100 పెట్టుకోండి.
- రాత్రంతా ఛార్జింగ్ వద్దు. నిండాక కరెంటు దానంతట అదే తగ్గినా, పొద్దుటిదాకా 100 దగ్గరే నిలబడటం బ్యాటరీకి అలసట.
- ఎండలో ఆపిన కారు డాష్‌బోర్డు మీద, కిటికీ గట్టు మీద ట్యాబ్ వదలకండి.
- వేసవి సెలవులకు ఊరెళ్తూ ఇంట్లో వదిలి వెళ్తుంటే 50 శాతం దగ్గర ఆఫ్ చేసి, చల్లటి చోట పెట్టండి. పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీ నెలల తరబడి అలాగే ఉంటే మళ్లీ ఛార్జింగే ఎక్కకపోవచ్చు.

కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించండి: అమ్మమ్మ, నాయనమ్మ, తాతయ్యల కోసం

1. ట్యాబ్ ఉబ్బినా, తెర లేచినా ప్లగ్ తీసేయాలి. పిల్లలు ఏడ్చినా మళ్లీ ఇవ్వకూడదు.
2. మంచం మీద ఛార్జింగ్ పెట్టనివ్వకూడదు.
3. చేయి ఆనించలేనంత వేడిగా ఉంటే ఆపి, టేబుల్ మీద చల్లారనివ్వాలి. ఫ్రిజ్‌లో పెట్టకూడదు.
4. పొగ వస్తే ముందు పిల్లలతో బయటికి. తర్వాతే ఫోన్: 101 లేదా 112.
5. అమ్మ నంబర్, నాన్న నంబర్ ఇక్కడ రాయండి: ............ / ............

ఈ వ్యాసంలో కంపెనీల పేర్లు మీ ట్యాబ్‌లో ఎక్కడ ఏం చూడాలో చెప్పడానికే. ఫలానాది కొనమనో మానమనో చెప్పడానికి కాదు. ఈ ఆదివారం మీ అమ్మాయినో అబ్బాయినో పక్కన కూర్చోబెట్టుకుని కవర్ తీయడంతో మొదలుపెట్టండి. రెండు గంటల పరీక్షలో అరగంటకోసారి శాతం రాసే పని వాళ్లకే అప్పగించండి. తన వస్తువు ఏ స్థితిలో ఉందో తానే కొలిచి తెలుసుకున్న పిల్లవాడు దాన్ని జాగ్రత్తగా చూసుకుంటాడు.